నాట్లకు వండిన అన్నం

మంగళవారం, రాత్రి

మేడిపల్లి చిన్న రైతులమంతా కలిసి కొన్న వరినాటు మిషన్ ఈరోజు నా మడికి వచ్చింది. కొందామని అందరికంటే ముందు చేయెత్తింది నేనే. కూలీలు దొరకని ఊళ్లో సేద్యం నిలబడాలంటే వేరే దారి లేదు. ఇప్పటికీ అదే అంటాను.

అయినా పొద్దున్నే లేచి పెద్ద గంజు నిండా అన్నం వండాను. ఎప్పుడూ బదులు నాట్లే కదా! ఇవాళ నా మడిలో వాళ్లు, రేపు వాళ్ల మడిలో నేను. ఎవరి మడిలో నాటితే అన్నం వాళ్లది. మిషన్‌కు ఆకలి వేయదని నాకు తట్టనే లేదు.

ఒడ్డు మీద గంజు దించేసరికి సగం నాటు అయిపోయింది. కోరుట్ల నుంచి వచ్చిన డ్రైవర్ నవ్వాడు.

"గింత బువ్వ ఎవ్వలికక్కా? నేనింట్ల తినే అచ్చిన."

నాటు అయిపోయాక లక్ష్మికి ఫోన్ చేశాను. కాపురానికి వచ్చినప్పటి నుంచి నా పక్కన వంగి నాటిన మనిషి.

"కలిసి తిందాం, రాయే."

"నాటు ఒడిసిందంట గదనే! ఇగ నేనచ్చి ఏం జెయ్యాలె?"

ఆమె తప్పేం లేదు. పని లేకుండా పిలుచుకునే అలవాటు మాకు ఎన్నడూ లేదు.

సాయంత్రం మడి చూసొచ్చాను. లక్ష్మి నాటితే ఒకచోట ఒత్తు, ఒకచోట పలచన. రోజంతా తిట్టేదాన్ని. ఈరోజు తిట్టడానికి ఎక్కడా వంక దొరకలేదు.

అన్నం బర్రెకు పెట్టాను. రేపు మిషన్ లక్ష్మి మడికి పోతుంది. పొద్దున ఆమె ఎసట్లో ఎన్ని బియ్యం పోస్తుందో...