గ్రంథాలయానికి రెండేసి చొప్పున

గ్రంథాలయ పుస్తకాల కొనుగోలు అధికారి గారి సముఖమునకు,
సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన ఒక పౌరుడు పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను స్వయముగా రూపొందించి, స్వంతముగా అచ్చు వేయించిన గ్రీకు-ఇంగ్లీషు అధ్యయన బైబిలును ప్రతి గ్రంథాలయమునకు ఒకటి కాక రెండేసి ప్రతులు కొనిపించుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది:

1. రిటైరైన నాటి నుండి నేను వేరే పని ఏదీ పెట్టుకొనలేదు. ఎడమ పేజీలో గ్రీకు, కుడి పేజీలో ఇంగ్లీషు, అడుగున వివరణలు. పుస్తకము తెరచినవాడు మెడ తిప్పనక్కర లేకుండా, కళ్లు మాత్రము అటూ ఇటూ కదిపి చదువుకొనవలెనన్నది నా సంకల్పము. ఎడమ పేజీ ఏ వచనముతో ముగియునో కుడి పేజీయు అదే వచనముతో ముగియవలెను. ఇంగ్లీషు సాగును, గ్రీకు సాగదు. ఒక్కొక్క జతను కుదుర్చుటకు అక్షరము సన్నము చేసి, వరుసల మధ్య ఎడము పెంచి, తగ్గించి, నానా పాట్లు పడితిని. ఈ మాట గొప్పకు చెప్పుట లేదు. గొప్పే, అయినను గొప్పకు చెప్పుట లేదు.

2. గ్రీకు అక్షరముల నెత్తిన ఉండు గీతలు, కొక్కెములు సరిచూచు పని నా భార్యకు అప్పగించితిని. ఆమెకు గ్రీకు రాదు. రాకపోవుటే మేలు, అర్థము తెలిసినవాళ్లు గబగబా చదివేసి తప్పులు వదిలివేయుదురు. భూతద్దము పెట్టుకొని ఒక్కొక్క గీతనే చూచెడిది. ఇప్పుడామెకు సూదిలో దారము ఎక్కించుట చేతకాదు. ముందుమాటలో అత్తయ్య గారి పేరు లేదేమని మా అల్లుడు అడిగినాడు. "గీతలు చూసినవాళ్ల పేర్లు కూడా వేస్తారటయ్యా ఎక్కడైనా?" అంటిని. ఆమె అక్కడనే ఉండెను.

3. అచ్చుకు ఇచ్చు దినమున, ప్రెస్సులో, పుస్తకము మొదట నా ఫొటో ఒక పేజీ చేర్పించితిని. మొహము తెలియనివాడి పుస్తకము ఎవరు నమ్ముదురు? ఆ ఒక్క పేజీ నా కొంప ముంచినది. వెనకనున్న పేజీలన్నియు ఒక్కొక్కటి చొప్పున జరిగినవి. ఎడమన ఉండవలసిన గ్రీకు కుడికి పోయినది, దాని ఇంగ్లీషు అదే కాగితము వీపునకు పోయినది. ఎక్కడ తెరచినను ఒక వచనపు గ్రీకు, దాని ఇంగ్లీషు ఒక్కసారి కంటబడవు. ఎడమన ఇంగ్లీషులో రోగి ఇంకా మూలుగుచుండగానే కుడివైపు గ్రీకులో పాతిపెట్టి వచ్చుచున్నారు.

ఫొటో కాగితము చింపివేయమని సలహా ఇచ్చువారు కలరు. ఒక ప్రతిలో చింపి చూచితిని. కాగితము చింపిన రెండు పేజీలు పోవును గాని ఒకటి పోదు. తప్పు తప్పుగానే ఉన్నది, నా మొహము మాత్రము పోయినది. ఆ రోజు నేల మీద కూర్చుండి ఏడ్చితిని, అయ్యా. అర్జీలో వ్రాయదగిన మాట కాదు. అయినను వ్రాయించుచున్నాను.

4. తమ కార్యాలయమున ప్రతిని సమర్పించగా, అక్కడి గుమాస్తా గారు ముందుకు తిప్పి, వెనక్కు తిప్పి, "ఏంటండీ ఇది, విసనకర్రా? ఇలా తిప్పుతూనే కూర్చోవాలా?" అనిరి. మరొకాయన లేచి వచ్చి నిజముగనే దానితో విసురుకొనెను. గది గదంతా ఘొల్లుమన్నది. నేనును నవ్వితిని, నవ్వకపోతే పుచ్చుకొనరేమోనని. నవ్వినను పుచ్చుకొనలేదు.

5. ఇంటికి వచ్చు దారిలో పరిష్కారము తట్టినది. రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకొని, ఒకదానిలో గ్రీకు, రెండవదానిలో ఇంగ్లీషు తెరచుకొన్నచో ఏ లోపమూ లేదు. ఇంటికి వచ్చినవారందరికీ చూపించుచున్నాను. ఒక ప్రతి నేను పట్టుకొందును, రెండవది పట్టుకొని నా భార్య నిలబడును. బరువైన పుస్తకము. మొన్న జారవిడిచినది. ఆమె కాలి బొటనవేలి గోరు ఊడినది. పుస్తకము అట్ట మూల నొక్కుకొనిపోయినది. అట్టను బాగుచేయుటకు వీలుపడలేదు.

6. అచ్చయిన ప్రతులన్నియు మా ఇంటనే ఉన్నవి. మంచము తీసివేసి ఆ చోట కట్టలు పేర్చితిమి. నా మంచము కాదు, ఆమెది. తమరు కొననిచో తూకానికి వేయవలసినదే. పాత కాగితాలు కొనేవాడు అప్పుడే వచ్చి, కట్ట తట్టి చూచి, "మరీ పల్చన సార్, పొట్లాలకు కూడా ఆగదు" అని పోయినాడు. నా బ్రతుకు పొట్లాలకు కూడా ఆగకుండా పోవుట తమకు సమ్మతమేనా?

7. ఈ కష్టములన్నిటికీ మూలము నా భార్య. పేజీల వరుస చూచినది ఆమెయే. మొదట ఒక పేజీ చేరిన ఏమగునో ఆమెకు తెలియును. ప్రెస్సులో నా పక్కనే ఉండి, బెల్లం కొట్టిన రాయిలా నిలబడెనే గాని నోరు విప్పలేదు. ఇట్టి మనిషితో కాపురము... తమకు అనవసరము. రికార్డులో ఉండుటకు వ్రాయించితిని.

కావున తమరు దయతలచి, ప్రతి గ్రంథాలయమునకు రెండేసి ప్రతులు కొనునట్లు ఉత్తర్వులు ఇప్పించగోరుచున్నాను. ఒక ప్రతి మాత్రమే కొనగల గ్రంథాలయములు ఉన్నచో, రెండవ ప్రతి పట్టుకొని పాఠకుని పక్కన నిలబడుటకు నా భార్యను ఉచితముగా పంపగలను. ఆమెకు ఇంటివద్ద వేరే పని లేదు.

నా మొర విసుగుకొనక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(సంతకం)
గ్రీకు-ఇంగ్లీషు అధ్యయన బైబిలు రూపకర్త

తా.క.: ఆయన చెబుతుంటే ఈ అర్జీ రాసింది నేను, పైన సంతకం చేసిన విధేయుడి భార్యను. సంతకం పెట్టి స్నానానికి వెళ్లారు. నేను రాసింది తిరిగి చదివే అలవాటు ఆయనకు లేదు, అందుకని ఈ నాలుగు ముక్కలు.

ఏడో అంశం అబద్ధం. ప్రెస్సులో నేను నోరు విప్పాను. "ఏవండీ, ఆ ఫొటో వెనక ఒక తెల్ల పేజీ..." అనేలోపే, అందరి ముందూ, "నోర్ముయ్. గ్రీకు ముక్క రాదు గానీ సలహాలొకటి" అన్నారు. మూసుకున్నాను. మెషిను తిరగడం మొదలయ్యాక మళ్లీ చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ప్రాణం హాయిగా ఉంది.

పేజీలు సరిగ్గా ఉన్న ఒక ప్రతి ఉంది. అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి, సూదిలో దారం ఎక్కించుకోగలిగిన రోజుల్లో నేను కుట్టుకున్నది. ఎడమన గ్రీకు, కుడిన ఇంగ్లీషు. మెడ తిప్పనక్కర్లేదు. దాన్ని ఆయనకు చూపించలేదు, ఇక చూపించను. అది నా సంచిలో పెట్టేశాను. ఈ అర్జీ పోస్టు డబ్బాలో వేసి, అటునుంచి అటే మా అమ్మాయి ఇంటికి పోతున్నాను. కాబట్టి ఏ గ్రంథాలయంలోనూ పుస్తకం పట్టుకుని నిలబడటానికి నేను రాను.

రెండేసి కొనకండి. ఒక్కొక్కటి కొనండి. ఆయన ఫొటో చూడటానికి ఒకటి చాలు.