మువ్వల్లేని చైన్లు

శనివారం రాత్రి, దసరా ఇంకా రెండు రోజులుంది

పాప నిద్రపోయింది.

పండక్కి పాపకు ఏం కొనాలా అని ఆలోచించి ఆలోచించి, మొన్న బజారులో వెండి కాలి చైన్లు కొన్నాను. సన్నగా, మువ్వల్లేకుండా ఉన్నాయి. చాలా నచ్చాయి. పాత గజ్జెలు తీసి పెట్టెలో పెట్టాను. అత్త చూసి, "మూగ చైన్లు ఎవురన్నా బిడ్డకేస్తారా తల్లీ?" అని నవ్వింది. చాదస్తం అనుకున్నాను.

ఈరోజు మధ్యాహ్నం ట్యాంకరు వచ్చి పెరట్లో సంపు నింపి పోయింది. నేను నడవలో పుస్తకం చదువుకుంటున్నాను. మా ఆయన నేత ఆపి, మగ్గం గుంతలోంచే అడిగారు.

"పాప యాడుండాది? సద్దే లేదు."

"ఇక్కడే ఆడుకుంటోంది," అన్నాను తలెత్తకుండా.

"ఆడుకుంటాంటే గజ్జెలు ఇనపడల్ల కదా."

అప్పుడు తలెత్తాను. పాప లేదు. పెరట్లోకి పరుగెత్తాను. సంపు మూత ఎవరూ వేయలేదు. పాప దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, నీళ్లలో చైన్ల మెరుపు చూసుకుంటోంది. పిలిస్తే తిరిగి చూసి జారుతుందేమోనని పిలవలేదు. చప్పుడు కాకుండా వెనకనుంచి వెళ్లి ఎత్తుకున్నాను.

అత్త చైన్లు తీసేసి, పాత గజ్జెలు తెచ్చి పాప కాళ్లకు వేసింది. ఆయన, "ఆ చైన్లకు మువ్వలు ఏయించుకోనొస్తాలే," అన్నారు.

నిద్రపోయే బిడ్డ కాళ్లు మోగవని తెలుసు. అయినా ఇది రాస్తూ మధ్యలో లేచి, ఆ పాదం మెల్లగా కదిపి, విని వచ్చాను. మళ్లీ వెళ్తాను.