వంటమాస్టరు పలికాడు

అక్కకు, నీ తమ్ముడి దండాలు.

"ఉన్నాడో పోయాడో, కార్డు ముక్కకైనా దిక్కు లేదు" అని తిట్టావట, బావ రాశాడు. ఇక్కడి సముద్రమంత సరస్సులో చాలా ఏళ్ల కిందట ఒక సరుకు ఓడ మునిగి, అందులో పనిచేసేవాళ్లంతా పోయారు. నిన్న రేవులో వాళ్లను తలుచుకునే సభ జరిగితే మా ఓడవాళ్లమూ వెళ్లి వెనక నిలబడ్డాం. మా సరంగు రోజూ ఓడ కదిలేముందు మమ్మల్ని పేర్లతో కాక పనులతో పిలుస్తాడు, మేం పలకాలి. సభలో కూడా పోయినవాళ్లను అలాగే పిలుస్తూ, ఒక్కొక్కరికీ ఒక గంట కొడుతున్నారు. "వంటమాస్టరు!" అన్నారు. నేను ఏ పరధ్యానంలో ఉన్నానో, అలవాటు కొద్దీ "ఉన్నా!" అని గట్టిగా పలికాను. గంట కొట్టేవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. సరంగు కొరకొరా చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

సభ అయ్యాక ఒక ముసలావిడ నా దగ్గరికి వచ్చింది. పోయిన వంటమాస్టరు భార్యట. చీవాట్లు తప్పవనుకున్నాను. "ఏటా పిలుస్తూనే ఉంటారు బాబూ. పలకడం ఇదే మొదలు" అని, నా చొక్కాకి విడిపోయి ఉన్న గుండీ పెట్టి వెళ్లిపోయింది.

బావ పాత ఉన్ని బనీను ఉంటే పంపు, ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. వంటింటి కప్పు కారడం ఆగిందా? మేస్త్రీ వెంటపడమని బావతో చెప్పు. చిన్నదానికి పన్ను ఊడిందా? దానికి నా ముద్దులు.

నువ్వడిగినదానికి జవాబు: ఉన్నా.

తమ్ముడు