మీ అన్న దాచిపెట్టిన సామాను

బతికుండగా ఈ మాట చెబితే నువ్వు నమ్మేవాడివి కాదు. మీ అన్నంటే నీకంత గురి.

కరోనాలో నువ్వు పోయాక ఇంటి లోను కట్టలేకపోయాను. ఈ పరాయి రాష్ట్రంలో, డిండోలిలో మనం కొనుక్కున్న ఇంటి తలుపుకు బ్యాంకువాళ్లు నోటీసు అంటించిన రోజే మీ అన్న టెంపో తెచ్చాడు. "బ్యాంకోళ్లు చెంచా గూడ ఇడువరు పద్మా. అన్నీ నా ఇంట్ల దాస్త," అన్నాడు. బీరువా, ఫ్రిజ్, నా కుట్టుమిషన్ ఊరికి దూరంగా కామ్‌రేజ్‌లో ఆయన ఇంటికి వెళ్లాయి. నమ్మి నేనే తాళ్లు పట్టి కట్టించాను.

నిన్న బ్యాంకు మనిషి వచ్చి ఖాళీ గదులు చూశాడు. "సామాను ఎందుకు తీసేశారు? తాకట్టులో ఉన్నది ఇల్లే, సామాను మీది," అన్నాడు హిందీలో. లోను కట్టడానికి గడువు కోసం దరఖాస్తు పెట్టుకోమన్నాడు.

వెంటనే కామ్‌రేజ్ బస్సెక్కాను. మీ వదిన నా మిషన్ మీద జాకెట్లు కుడుతోంది. బీరువా, ఫ్రిజ్ అమ్మేశారట.

"ఇన్ని దినాలు జాగ ఇచ్చిన గద, దాని కిరాయి అనుకో," అన్నాడు మీ అన్న.

"బ్యాంకోడు ముట్టని సామాను నువ్వు అమ్ముకున్నవ్ బావా," అన్నాను. మీ వదిన కుడుతుండగానే దారం తెంపి, మిషన్‌ను ఆటోలో పెట్టించాను. దారి పొడుగునా దాన్ని వదలకుండా పట్టుకునే కూర్చున్నాను.

ఈరోజు దరఖాస్తు ఇచ్చాను. ఇల్లు నిలుస్తుందో లేదో తెలియదు. ఇంటికి రాగానే మీ అన్న ఫోన్ చేశాడు. నీ సంవత్సరీకం తన ఇంట్లో చేద్దామన్నాడు.

ఇక్కడే, మన ఇంట్లోనే చేస్తానన్నాను.

"మరి మేం ఎన్నడు రావాలె?" అన్నాడు.

నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా రావద్దన్నాను.