చైను చక్రానికి ఒక పన్ను తక్కువ

ప్రియమైన అక్కకు,

నీ చెల్లి నమస్కారాలు. ఇక్కడ అమ్మా, నేనూ, నువ్విచ్చిన పాత బండీ ముగ్గురం కులాసా. అక్కడ నువ్వూ, బావగారూ అలాగే ఉన్నారని తలుస్తాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తోంది. ఇప్పుడు కూడా పక్కనే కూర్చుని ఏం రాస్తున్నానో తొంగి చూస్తోంది.

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. మెకానిక్కు షెడ్డులో చేరాక నీకు మనుషుల కన్నా బండ్ల క్షేమం ఎక్కువైపోయింది. సరే, చెబుతాను విను. బరువు ఎంత అన్నావు. నేను, మేకల టీకాలున్న ఐసుపెట్టె, సూదుల సంచి, అంతే. దారి ఎలాంటిది అన్నావు. టీకాలు తీసుకునే గిడ్డంగి నుంచి కొండ మొదలు దాకా లారీలు తిరిగే పెద్ద రోడ్డు, అక్కడి నుంచి కాపరుల ఇళ్ళ దాకా రాళ్ళ బాట. ఐసు కరిగేలోపు రెండూ దాటాలి. బండి ఎక్కడ మొరాయిస్తోంది అన్నావు. నీళ్ళ తొట్టె దాటాక వచ్చే ఎత్తు మలుపులో. అక్కడ మొదటి గేరులో కూడా క్లచ్ సగం పట్టుకుంటే తప్ప లాగదు. 'చేతిరాత నీది కాదేం?' అని కూడా అడిగావు. దానికి జవాబు చివర్లో.

నువ్వు చెప్పినట్టే వీధి చివరి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. ఇంజిను పక్కనుండే చిన్న చైను చక్రానికి పదిహేను పళ్ళున్నాయి. లాగే బలం పెరగడానికి నువ్వు ఒక్కటి తగ్గించమన్నావు. ఒకటి తగ్గితేనే మంచిదైతే రెండు తగ్గితే ఇంకా మంచిది కదా అనుకున్నాను, నా తెలివికి.

"కొండకైతే బాగుంటుందమ్మా. రోడ్డు మీద ఏడిపిస్తుంది" అన్నాడతను.

"నాకు కొండే ముఖ్యం. వేసెయ్యండి" అన్నాను.

ఏడిపించింది. పెద్ద రోడ్డు మీద ఆఖరి గేరులో ఉన్నా, ఇంకో గేరు ఉందేమోనని నా కాలు వెతుకుతూనే ఉంది. ఇంజిను గోల ఆకాశాన్నంటుతోంది, బండి మాత్రం కదలదు. వెనక లారీ అతను హారన్ మీద చెయ్యి తీయలేదు. చివరికి పక్కకొచ్చి, "దిగి తోసుకెళ్ళండి మేడం, తొందరగా చేరతారు!" అని ఉచిత సలహా కూడా ఇచ్చాడు. కొండ దగ్గరికి చేరేసరికి ఐసు సగం నీళ్ళయింది. టీకాలు పాడైపోతాయని అటునుంచి అటే వెనక్కి తిప్పేశాను. మర్నాడు బుద్ధిగా వెళ్ళి పద్నాలుగు పళ్ళది వేయించుకున్నాను. చైను బిగుతు కూడా మళ్ళీ సరిచేశాడు. ఇప్పుడు రోడ్డు మీద మునుపటంత వేగం లేకపోయినా, లారీల ముందు పరువు దక్కుతోంది.

అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. చేతిరాత సంగతి గబగబా రాసేస్తాను.

కిందటి ఉత్తరం పక్కింటి టీచరుగారి చేత రాయించాను. నా కుడి మణికట్టు బెణికింది. ఆఫీసు మెట్ల మీద జారానని అమ్మకు చెప్పాను. అది అబద్ధం. ఆ మలుపులో ఇంజిను ఆగి, బండి వెనక్కి జారి, నన్ను పడేసి నా మీద పడింది. దెబ్బ పెద్దది కాదు. కానీ అక్కా, భయం పట్టుకుంది. కట్టు విప్పాక కూడా బండిని కొండ కింద వదిలేసి, ఐసుపెట్టె మోసుకుంటూ నడిచి వెళ్ళేదాన్ని. నేను చేరేసరికే కాపరులు మందల్ని మేతకు తోలుకుపోయేవాళ్ళు. ఇక తిరగలేను, గిడ్డంగిలో కూర్చోబెట్టండని మా పశువుల డాక్టరుగారిని అడిగేశాను కూడా. "కాస్త ఆలోచించుకోమ్మా" అన్నారాయన. ఆ గిడ్డంగి గదికి కిటికీ కూడా లేదు. ఫోను చేస్తే నీ గొంతు విని ఏడ్చేస్తానని చేయలేదు. ఇంకో మాట. ఆ రోజు ఐసు కరిగిందని బండి తిప్పినప్పుడు నాకు బాధ కలగలేదు, హమ్మయ్య అనిపించింది. అందుకే సిగ్గేసింది.

నిన్న పద్నాలుగు పళ్ళతో వెళ్ళాను. తొట్టె దాటగానే క్లచ్ పూర్తిగా వదిలేశాను. బండి తొందరపడకుండా, ఆగకుండా ఎక్కుతూ పోయింది. నేను పడ్డ చోటు రాగానే బ్రేకు వేసి నేనే ఆపాను. ఎక్కడం కాదు కదా నా భయం, ఆగితే మళ్ళీ కదలలేనేమోనని. కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత మెల్లగా క్లచ్ వదిలాను. బండి వెనక్కి ఇసుమంత కూడా జారలేదు, ముందుకే వెళ్ళింది. హెల్మెట్ లోపల ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

పైకి వెళ్తే మందలు ఇంకా దొడ్లోనే ఉన్నాయి. "ఏమ్మా, ఇవాళ ఎగిరొచ్చావా?" అంది కాపరుల పెద్దమ్మ. పెట్టె తెరిస్తే ఐసు రాయిలా ఉంది. సాయంత్రం డాక్టరుగారితో గిడ్డంగి వద్దని చెప్పాను. "మంచిదైంది, అక్కడి కుర్చీకి ఒక కాలు విరిగింది కూడా" అన్నారు.

ఇంతలో అమ్మ వచ్చి వెనక నిలబడింది. కాగితం మూసేద్దామనుకున్నాను.

"మూయకు. మెట్ల మీద జారితే బండి అద్దం ఎలా పగిలిందో, అది కూడా రాయి అక్కకి" అంది.

ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకుందట. పొద్దున నేను బయల్దేరినప్పటి నుంచి సాయంత్రం బండి చప్పుడు వినిపించేదాకా వాకిట్లోనే కూర్చుంటోందట. మోకాలి నొప్పి ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. నిన్న మాత్రం పొద్దున నేను బయల్దేరేటప్పుడే బండి చప్పుడు కుదురుగా మారిందని విని, ఇక భయం లేదని లేచి లోపలికి వెళ్ళి నిద్రపోయిందట.

ఇట్లు,
సొంత చేత్తో రాసిన
నీ చెల్లెలు