ఏడో నంబరు ట్యాంకు ఎడమ గొలుసు

వీర స్మారక వనం పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, అదే వనంలో తోటమాలి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ట్యాంకు వద్ద పలకపై గల "ఈ దళంలో ఒక్క ప్రాణమూ పోలేదు" అను వాక్యం తొలగించుట గురించి.

1. తమరు చుట్టూ పూలమొక్కలు వేయించిన ఏడో నంబరు ట్యాంకును యుద్ధంలో నడిపినవాడను నేనే.

2. ఆ రోజు పైన గుండ్లు పడుతుండగా, మా ఫిరంగిలో గుండ్లు నింపేవాడు ట్యాంకు ఎడమ చక్రాల మీద తిరిగే గొలుసుకు చుట్టుకున్న ఇనుప తాడు విప్పుటకు వెనకవైపు దిగినాడు. కమాండరు గారు "వెనక్కి తియ్యి" అన్నారు. "వాడు ఎక్కాడా సార్?" అన్నాను. "నోరు మూసుకుని తియ్యరా!" అన్నారు. తీశాను. గట్టు ఎక్కినట్టు ఒక్క కుదుపు. ఇంజను మోతలో కూడా వాడి అరుపు వినబడింది, అయ్యా. సగంలో ఆగిపోయింది.

3. కమాండరు గారు తన తప్పు బయటపడకుండా "పిరికివాడు, పారిపోయాడు" అని కాగితం రాసి, పతకం పుచ్చుకున్నారు. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాది. ఎడమ గొలుసులో ఇరుక్కున్న చొక్కా గుడ్డను, దానితోపాటు ఉన్నదాన్ని, కడ్డీతో పీకి నీళ్లతో కడిగాను.

4. వాడి భార్యే ఇప్పుడు మన వనం ఊడ్చే మనిషి. నేనెవరో ఆమెకు తెలియదు. పదకొండేళ్లుగా ఆ ట్యాంకు కింద ఆకులు ఊడుస్తూ, "పారిపోతే పోయాడులే అన్నా, ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు" అంటుంది. నాకంటే ఆ గొలుసు నయం. అది ఆమెను "చెల్లెమ్మా" అని పిలవదు.

5. ఇదివరకు రెండు అర్జీలు పెట్టుకొనగా "ట్యాంకుకు రంగు వేయు విషయం పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చినది. తమ గుమాస్తా గారైతే "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అని సలహా చెప్పారు. తొక్కిందీ నేనే, కడిగిందీ నేనే.

కావున ఎల్లుండి కమాండరు గారు వచ్చి ట్యాంకుకు దండ వేయులోగా, పలకపై వాడి పేరు చెక్కించి, నన్ను శిక్షించ ప్రార్థన. లేనిచో కంచె కత్తిరించు కత్తెర ఆ రోజు నా చేతిలోనే ఉండునని, ఆయన మెడ దానికి అందే ఎత్తులోనే ఉండునని సవినయముగా మనవి.

ఇంతటితో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తోటమాలి (మునుపు ట్యాంకు డ్రైవరు)

తా.క.: అర్జీ మడత పెట్టేలోగా ఆమెకే చెప్పేశాను. "ఏ పక్కది?" అంది. చూపించాను. కాసేపు గొలుసు మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత నా పార లాక్కుని నా నెత్తిన ఒకటి వేసింది. తొమ్మిది కుట్లు పడ్డాయి. పలకను ముక్కలు చేసింది కాబట్టి ఆ వాక్యం గురించి ఇక తమకు శ్రమ లేదు. కత్తెర నేను స్టోరులో అప్పజెప్పాను. పార ఇంకా ఆమె దగ్గరే ఉంది. కమాండరు గారు ఎన్నింటికి వస్తారని అడిగింది. చెప్పాను.