గోడ వైపు తిరిగి తినే సంగటి

సావిత్రీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ఒకటో తరగతి పిల్లలు రెండోకొచ్చారు, వాళ్లను ఇప్పుడు నేనే చూస్తున్నాను.

మన జమ్మలమడుగు బడిలో రాగిసంగటి తెచ్చుకున్న పిల్లలు సిగ్గుతో గోడ వైపు తిరిగి తినేవాళ్లు. వరన్నం తెచ్చిన ఇద్దరు ముగ్గురే దర్జాగా నడుమ కూర్చునేవాళ్లు. అది చూసి నువ్వూ రోజూ సంగటే తెచ్చుకున్నావు. అందరి మధ్యా కూర్చుని, గోంగూర నంజుకుంటూ, ఎముకలకు ఎంత బలమో చెప్పేదానివి.

"అయివోరి పెండ్లాం నలుగుర్లో సంగటి తింటాందని ఊరంతా నవ్వుతాండారు" అని నేను కసిరాను. నువ్వు మానలేదు.

ఈ రోజు షావుకారు కూతురు తన అన్నం గిన్నె పక్కకు జరిపి, హుసేన్‌బీని అడిగింది.

"నీ సంగటి రోంత పెట్టు మే."

"ఒట్టి సంగటే కాదు, ఆకుకూర గూడా తినల్ల. టీచరమ్మ చెప్పింది మరిచిపోతివా?" అంటూ ఆ పిల్ల ముద్ద తుంచి పెట్టింది. ఒక్కరూ గోడ వైపు తిరగలేదు.

నీకు చెప్పాలని గబగబా ఇంటికొచ్చాను. సంగటి కెలుక్కుని తినడానికి కూర్చున్నాను. సగం తిన్నాక తెలిసింది. నీ పీట కంటబడకుండా, ఏడాదిగా నేనే గోడ వైపు తిరిగి తింటున్నాను.